నిండు పియాలా

అంజిరత్ టీ పోస్తుంటే చూడాలి అని సర్‌బులాక్ కోటలో అందరూ అనేవాళ్ళు. నేను అనేదాన్ని కాదు. పదిమందీ ఒకర్ని పొగుడుతుంటే నాకు ఒళ్ళు మంట. తెల్లవారకముందే లేచి, మోచేతుల దాకా తందూర్‌లో దూర్చి, చేతుల మీద వెంట్రుకలు కమిలిపోయేలా నేను రొట్టెలు కాలిస్తే ఒక్కడూ నోరు మెదపడు. ఆమె కూజా వంచి రెండు గుక్కలు పోస్తే చాలు, ఆహా ఓహో అంటారు.

అయినా ఒప్పుకోక తప్పదు. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో పనిచేశాం, ఆమె చెయ్యి వణకగా నేనెప్పుడూ చూడలేదు. కూజా ఎంత ఎత్తు నుంచి వంచినా చుక్క బయట పడేది కాదు. నా నోటికి మూత ఉండదు, ఆమె నోరు తెరవదు. అందుకేనేమో మా ఇద్దరికీ కుదిరింది.

మా కొండల్లో టీ తాగే పియాలా ఎంత ఖాళీగా ఉంటే అంత మర్యాద. ఇష్టమైన చుట్టానికి అడుగున రెండు గుక్కలు పోస్తాం. తాగాలి, మళ్ళీ చెయ్యి చాపాలి, అలా పొద్దుపోయేదాకా కూర్చోవాలి. అంచుదాకా నింపి ఇచ్చామంటే, తాగింది చాలు, ఇక దయచెయ్యమని. నిండు పియాలా దగ్గర మొదలై మూడు తరాలు కొట్టుకు చచ్చిన ఇళ్ళు నాకు తెలుసు. అసలు టీ అంటారా, దానికేముంది, బేరగాడికీ పోస్తాం, బందీకీ పోస్తాం. రొట్టె అలా కాదు. రొట్టె విరిచి చేతికిచ్చాక అతను మన చుట్టం. మన కప్పు కింద అతని నెత్తురు చుక్క పడకూడదు.

పడితే ఏమవుతుందో చెప్పడానికి పెద్ద నిప్పు ఉండేది. మా దొరలు డేగవారి ముత్తాతలు ఏ మంత్రగాడి దగ్గర తెచ్చారో, కోట కట్టినప్పటి నుంచి సభా మందిరంలో ఆరకుండా మండుతోంది. కోటలో ప్రతి పొయ్యీ, ప్రతి దివిటీ దాన్నుంచి అంటించిందే. చుట్టానికి రొట్టె విరవగానే ఆ మంట పసుపుగా ఒక్కసారి పైకి లేచి దిగుతుంది. చుట్టం నెత్తురు పడితే ఆరిపోతుంది. నిప్పు ఆరిన ఇంటివాళ్ళకు ఖాన్ కొలువులో చాప కూడా వెయ్యరు.

మరో సంగతి ఉంది. ఆ నిప్పు వింటుంది. పనిలో చేరిన రోజే మా తలవెంట్రుక ఒకటి పీకి అందులో వేయించి ప్రమాణం చేయిస్తారు. ఆ తర్వాత ఇంటి గుట్టు ఎవరితోనైనా పైకి అన్నామంటే దగ్గర్లో ఉన్న మంట ఆకుపచ్చగా తిరుగుతుంది, మన నాలుక మొద్దుబారిపోతుంది. గుర్రాల సాలలో ఒకతను ఉండేవాడు. మంచి పాటగాడు. బావమరిదికి ఏదో చెప్పబోయాడు. ఆ తర్వాత గుర్రాలతో కూడా మూలుగుతూనే బతికాడు. ఆ నిప్పు మాటలే వింటుంది, మనసులో ఏముందో దానికి తెలీదు, చేతులు ఏం చేస్తున్నాయో దానికి పట్టదు. మేమంతా ఆ కాస్త సందులోనే బతికేవాళ్ళం. నేనిప్పుడు కోట వంతెన ఇవతల, మా తమ్ముడి ఊళ్ళో ఉన్నాను కాబట్టి ఇదంతా ఇలా గొంతెత్తి చెప్పగలుగుతున్నాను. వంతెన దాటితే దానికి చెవుడు.

ఆ ఏడు ముసలి ఖాన్ మంచం పట్టాడు. కొడుకులు లేరు. అతని తర్వాత ఖాన్‌గా తెల్ల కంబళి మీద కూర్చోబెట్టి పైకెత్తాల్సినవాడు డేగవారిలో ఎర్నజర్ బేగా, నది అవతలి కొండమేకవారిలో యుల్బర్సా అని కొండలన్నీ గుసగుసలు. మా దొర ఎర్నజర్ బేగ్ అప్పటికే నడివయసు దాటాడు. నవ్వితే పళ్ళు కనిపించేవి కాదు. యుల్బర్స్‌కు ఇంకా మీసం సరిగ్గా మొలవలేదు.

ఆ యుల్బర్స్ మా వంటింట్లోనే పాకడం నేర్చాడు. పెద్ద యుద్ధం అయ్యాక సంధి కోసం కొండమేకవారు తమ పసికందును మా కోటలో తాకట్టు పెట్టారు. అదే వారంలో అంజిరత్ తన బిడ్డను మట్టిలో పెట్టి వచ్చింది. రొమ్ము పాలతో బరువెక్కి, రవిక తడిసిపోయి, గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎవరో ఆ పిల్లాణ్ణి తెచ్చి ఆమె ఒళ్ళో పడేశారు. శత్రువు బిడ్డ అని ఎవరూ గుర్తుచెయ్యలేదు, ఆమెకూ గుర్తురాలేదు. వాడికి నాలుగేళ్ళు వచ్చాక వాళ్ళవాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. వెళ్తూ వెళ్తూ ఏడ్చాడు. ఆమె ఏడవలేదు. ఆ రోజు కూడా చుక్క పడకుండా టీ పోసింది. దాన్ని చూసి నాకే కోపం వచ్చింది.

సరే, ఆ శీతకాలం ఎర్నజర్ బేగ్ యుల్బర్స్‌ను మాట్లాడుకుందాం రమ్మని పిలిచాడు. ఖాన్ పోకముందే ఇద్దరం ఒక మాట మీదికి వద్దాం, కొండల్లో మళ్ళీ నెత్తురు ఎందుకు అని కబురు. వాడు కొద్దిమంది మనుషులతో వచ్చి, వాళ్ళను బయటి వాకిట్లో వదిలి, ఒక్కడే మందిరంలోకి వెళ్ళాడు. మధ్యాహ్నం వేళ. నేను నువ్వులద్దిన రొట్టెలు పళ్ళెంలో పేర్చి గుడ్డ కప్పుకుని గబగబా నడిచాను. మందిరం గుమ్మం దగ్గర తుర్గున్ అడ్డంగా నిలబడి ఉన్నాడు. కోట పనివాళ్ళ మీద పెత్తనం అతనిది.

"ఎక్కడికి?" అన్నాడు.

"నీ పెళ్ళికి. చేతిలో రొట్టెలు కనపడట్లేదా?"

"వెనక్కి తీసుకెళ్ళు."

"వెనక్కేంటి తుర్గున్? మనిషొచ్చి కూర్చున్నాడు, టీ తాగుతున్నాడు..."

"పిలిస్తే తెద్దువుగాని. పిలవకపోతే వద్దు." అని తల పక్కకు తిప్పుకున్నాడు. ఎప్పుడూ నా కళ్ళలోకి చూసి పోట్లాడే మనిషి.

చుట్టం కూర్చోకముందే రొట్టె రావాలి. ఇంట్లో పిండి లేకపోతే పక్కింట్లో అడిగి తెచ్చైనా విరుస్తాం. రొట్టె ఆపారంటే అతన్ని చుట్టం కానివ్వరన్నమాట. చుట్టం కానివాడి నెత్తురు పడితే నిప్పుకేం పట్టదు.

పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి తిరిగొచ్చాను. పులావ్ వండే తోఖ్తా గరిటె ఆపి చూశాడు. అంజిరత్ కూజా కడుగుతోంది.

"రొట్టెలు తిరిగొచ్చాయేం?" అన్నాడు తోఖ్తా.

పొయ్యి చిటపటమంది. నా నోట్లోకి ఎన్ని మాటలొచ్చాయో, అన్నీ మింగాను. "వేడి తగ్గాలట" అన్నాను.

తర్వాత అంజిరత్, తల ఎత్తకుండానే, రోజూ అడిగినట్టే అడిగింది. "తోఖ్తా, పులావ్ ఎంతమందికి పెట్టావ్?"

"చెప్పినంతమందికి."

"చుట్టానికి వేశావా?"

తోఖ్తా గరిటె వైపు చూశాడు, పొయ్యి వైపు చూశాడు. "వెయ్యమన్లేదమ్మా" అన్నాడు.

మంట రంగు మారలేదు. పులావ్ లెక్కలో గుట్టేముంది పాపం. కానీ వంటింట్లో ప్రతివాడికీ అర్థమైంది. ఉల్లిపాయలు తరిగే ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది, ఉల్లిపాయల మీదికి నెట్టొచ్చు కదా అని. వాకిట్లో ఉన్న వాడి మనుషులను వంతెన అవతలికి తీసుకెళ్ళి చెప్పే దారి మాకు లేదు. వాడికి చెబితే నాలుక పోతుంది. పైగా పూర్తిగా చెప్పేలోపే పోతుంది. మేం చూస్తూ ఉండగానే, మా చేతుల మీద పెరిగిన పిల్లాణ్ణి కోసేస్తారు. నాకు ఎవరినైనా కొట్టాలనిపించింది. పిండిని కొట్టాను.

అంజిరత్ చిన్న కూజా పక్కన పెట్టి, పెళ్ళిళ్ళకు వాడే పెద్ద రాగి కూజా దించింది.

"అంత పెద్దదెందుకే?" అన్నాను.

"పట్టాలిగా" అంది.

నాకప్పుడు బుర్రకెక్కలేదు. ఆమె వెనకాలే పళ్ళెం పట్టుకుని నడిచాను. పిలుస్తారేమోనన్న ఆశ, ఆ ఆశ మీద సిగ్గు. తుర్గున్ టీ కాబట్టి ఆమెను వదిలాడు, నన్ను గుమ్మం తెర బయట నిలబెట్టాడు. తెర పక్క సందులోంచి నాకంతా కనిపించింది.

యుల్బర్స్ పెద్ద నిప్పుకు వీపు పెట్టి కూర్చున్నాడు. గడ్డం మీద చిన్నప్పటి మచ్చ అలాగే ఉంది. ఎదురుగా ఎర్నజర్ బేగ్, చేతి మీద తన డేగ, దాని కళ్ళకు తోలు గంత. వాడి వెనక గోడల వెంట దించిన తెరలు కదలకుండా ఉన్నాయి. వాటి కింద నుంచి విలుకాళ్ళ బూట్ల ముక్కులు కనిపిస్తున్నాయి. నాకు కనిపించాయి, వాడికి కనిపించవు.

"మీ ఇంట్లో రొట్టె కాలడానికి చాలాసేపు పడుతుందే బేగ్" అన్నాడు యుల్బర్స్ నవ్వుతూ.

"ఏం చెయ్యను, మా రొట్టెలావిడ వట్టి బద్ధకస్తురాలు" అన్నాడు ఎర్నజర్ బేగ్.

అంత భయంలోనూ నాకు మండింది. చేతిలో రొట్టెలు పొగలు కక్కుతున్నాయి! ఆ మాట ఆయన్ని ఈ రోజుకీ క్షమించలేదు.

బేగ్ వేళ్ళు డేగ తల నిమురుతూ నిమురుతూ కళ్ళగంత ముడి దగ్గరికి వెళ్ళాయి. తెరల కింద బూట్లు కదిలాయి. సంజ్ఞ అదేనని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అంజిరత్ యుల్బర్స్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని పియాలా తీసుకుంది. కూజా వంచింది. రెండు గుక్కలు పడ్డాయి. ఆపలేదు. సగమైంది. ఆపలేదు. అంచు దాకా వచ్చింది, అంచు మీద ఉబ్బింది, అప్పుడు ఆపింది. రెండు చేతులతో ఎత్తి వాడికి ఇచ్చింది. ఒక్క చుక్క పడలేదు.

వాడి వెనక పెద్ద నిప్పు పసుపుగా లేచింది. రొట్టె విరిచినప్పుడు లేచినట్టే, దూలాల దాకా లేచి దిగింది.

అప్పుడు నా మొద్దు బుర్రకు వెలిగింది. పొమ్మనాలంటే ముందు రానిచ్చి ఉండాలి. బేరగాణ్ణీ బందీనీ నిండు పియాలాతో ఎవరూ సాగనంపరు, చుట్టాన్నే సాగనంపుతారు. పోసే చెయ్యి ఇంటి చెయ్యి. ఒక్క పియాలాతో ఆమె వాణ్ణి చుట్టాన్ని చేసింది, చేసిన ఆ క్షణమే వెళ్ళిపొమ్మంది. వాకిలి దాటేదాకా ఇక ఎవడూ వాడి మీద చెయ్యి వెయ్యలేడు. ఎర్నజర్ బేగ్ మంటను చూశాడు. అతని వేళ్ళు గంత ముడి మీద నుంచి మెల్లగా కిందికి దిగాయి.

కానీ యుల్బర్స్ మంటను చూడలేదు. వాడు పియాలానే చూశాడు. మొహం సున్నం కొట్టినట్టయింది, తర్వాత ఎర్రబడింది. చెయ్యి నడుం దగ్గరి కత్తి మీదికి వెళ్ళింది. నేను తెర అంచు కొరుక్కున్నాను. చుట్టమే ముందు కత్తి దూస్తే చుట్టరికం తెగిపోతుంది, తెరల వెనక ఉన్నవాళ్ళకు కావాల్సింది కూడా అదే. లేవరా, కత్తి వదిలి లేవరా నాయనా అని లోపల్లోపల మొత్తుకున్నాను.

"మీ ఇంటి మర్యాద ఇదా బేగ్?" అన్నాడు.

ఎర్నజర్ బేగ్ ఏమంటాడు? ఇంటి చెయ్యి పోసింది. కాదంటే అసలేం జరగబోయిందో చెప్పాలి.

వాడు అంజిరత్ వైపు తిరిగాడు. "ఎవతివే నువ్వు?"

"టీ పోసేదాన్ని, చిన్న దొరా."

"కావాలనే పోశావా?"

"చల్లారకముందే వెళ్ళండి దొరా" అంది. గొంతు కూడా వణకలేదు.

వాడు పియాలా తివాచీ అవతల నేల మీద బోర్లించి లేచాడు. "ఈ చెయ్యి నాది. మా ఇంటి నిప్పు ముందు ప్రమాణం చేస్తా. వచ్చి ఈ చేతిని నాతో తీసుకెళ్తా." అని ఆమె మణికట్టును వేలితో పొడిచి చూపించి, బూట్లు టకటకలాడించుకుంటూ నా పక్కనుంచే వెళ్ళిపోయాడు. నా పళ్ళెం వైపైనా చూడలేదు. వాకిట్లో గుర్రాలు కదిలాయి, వంతెన పలకలు మోగాయి.

మందిరంలో ఎర్నజర్ బేగ్ అంజిరత్‌ను అడిగాడు. "ఎందుకు నింపావ్?"

"చెయ్యి వణికింది దొరా. ముసల్దాన్నయ్యాను."

తివాచీ మీద, ఆమె పోసిన చోట, చుక్క తడి లేదు. అది ఆయనా చూశాడు, నేనూ చూశాను. శిక్షించాలంటే నేరమేమిటో పైకి చెప్పాలి. అందుకని ఆమెను టీ నుంచి తీసేసి బానలు తోమే పనిలో వేశాడు. ఆ శీతకాలమంతా చన్నీళ్ళలో ఆమె చేతులు పగిలాయి. నేను గొర్రె కొవ్వు రాసేదాన్ని. మా ఇద్దరి మధ్యా పొయ్యి ఉండేది కాబట్టి ఆ రోజు గురించి ఒక్క మాట కూడా అనుకోలేదు.

మంచు కరిగేసరికి ఖాన్ పోయాడు. కొండల్లో చాలా ఇళ్ళు కుర్రాడి వైపే మొగ్గాయి. యుల్బర్స్ సైన్యంతో వచ్చి వంతెన అవతల గుడారాలు వేశాడు. మేం బస్తాల్లో పిండి దాచుకుంటుంటే దూత వచ్చి చెప్పాడు, యుద్ధం అక్కర్లేదు, నిండు పియాలా పోసిన చెయ్యి ఇస్తే చాలని. ఎర్నజర్ బేగ్ మొహం విప్పారడం మొదటిసారి చూశాను. ఒక ముసలిదాని చేత్తో తన కోట మిగిలింది! ఆయన సంబరానికి ఆ పళ్ళు కనిపించాయి, పచ్చగా, చిన్నగా. ఆ పళ్ళు ఊడగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు.

"నేనూ వెళ్తాను" అన్నాను తుర్గున్‌తో. "తిరిగొచ్చేటప్పుడు పట్టుకోవడానికి మనిషి ఉండాలిగా దానికి."

తుర్గున్ ఏమనుకున్నాడో, సరేనన్నాడు. ఆ పొద్దున కాల్చిన రొట్టెల్లో మంచిది ఒకటి గుడ్డలో చుట్టుకున్నాను. వంతెన మీద అంజిరత్ చెయ్యి పట్టుకుని నడిచాను. ఏ చెయ్యి పట్టుకున్నానో అప్పుడు గమనించలేదు, తర్వాత గుర్తొచ్చి గుండె జారింది.

గుడారంలో ఇనప కుంపటిలో కొండమేకవారి నిప్పు మండుతోంది, అదీ మా పెద్ద నిప్పులా మాటలు వినేదే. పక్కన మొద్దు, మొద్దు పక్కన గొడ్డలితో ఒక ముసలి కమ్మరి. యుల్బర్స్ లేవలేదు.

"ఏ చెయ్యి?" అన్నాడు.

"రెండూ పట్టాయి దొరా. కూజా పెద్దది" అంది అంజిరత్. తర్వాత అంది, "కొట్టించే ముందు ఒక్కసారి పోస్తాను. అలవాటైన చేతులు."

వాడు నవ్వాడు. "పోయ్. ఈసారి ఎంత నింపుతావో చూస్తా."

ఆమె కూర్చుని కూజా వంచింది. అడుగు తడిసేలా రెండు గుక్కలు పోసి ఆపేసింది. మీద ఊదింది, పసివాళ్ళకు ఊదినట్టు. రెండు చేతులతో ఇచ్చింది. వాడు పియాలా లోపలికి చాలాసేపు చూశాడు.

"అప్పుడంత. ఇప్పుడింతా?"

"ఆ రోజు నువ్వు వెళ్ళాలి నాయనా. ఈ రోజు కూర్చోవాలి."

నేనిక ఆగలేకపోయాను. గుడ్డ విప్పి రొట్టె వాడి ముందు పెట్టాను. "నేను బద్ధకస్తురాల్ని కాదు" అన్నాను. "ఆ రోజు గుమ్మం దాకా తెచ్చాను. పిలవలేదు. పులావ్ కూడా నీకు వెయ్యమన్లేదు."

వాడు రొట్టెను చూశాడు. మా కొండల్లో పుట్టినవాడేగా, ఇంకేం చెప్పాలి? పెదాలు కదిలాయి. "రొట్టె రాలేదు" అన్నాడు, తనలో తను. మొహంలో రంగు దిగిపోయింది. "రాని మీసం మెలేసుకుంటూ హాస్యాలాడాను."

"ఆ గడ్డం మీద మచ్చ ఎలా వచ్చిందో మీవాళ్ళెవరైనా చెప్పారా?" అన్నాను. నోరు ఒకసారి తెరిచాక నాకు ఆగదు. "మా వంటింటి గడప మీద పడ్డావ్. నెత్తురు తుడిచింది ఈ చేతులే. నీకు పాలిచ్చింది ఇదే. దీని చేతిని..."

"నోర్ముయ్ మస్తూరా" అంది అంజిరత్. అప్పుడు వణికింది ఆమె గొంతు.

ముసలి కమ్మరి గొంతు సవరించుకున్నాడు. "దొరా, నిప్పు ముందు ప్రమాణం ఉంది" అన్నాడు. చెప్పలేక చెప్పాడు. ప్రమాణం తప్పితే ఆ నిప్పుకు ఎర్నజరైనా ఒకటే, యుల్బర్సైనా ఒకటే.

"నేనన్న మాటేంటి?" అన్నాడు యుల్బర్స్.

"ఈ చెయ్యి నాది, నాతో తీసుకెళ్తా అన్నారు."

"నరుకుతానన్నానా?"

కమ్మరి కళ్ళు చికిలించి ఆలోచించాడు. "అన్లేదు" అన్నాడు. గొడ్డలి నేల మీద పెట్టాడు.

యుల్బర్స్ లేచి వచ్చి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పగుళ్ళు బారిన ఆ చెయ్యి పట్టుకుని కుంపటి వైపు తిప్పాడు. "ఈ చెయ్యి నాది. నాతో తీసుకెళ్తున్నా" అన్నాడు గట్టిగా. మేమంతా మంటనే చూస్తున్నాం. అది ఆకుపచ్చగా మారలేదు. మాటలు సరిపోయాయి దానికి. వాడు రొట్టె విరిచి మొదటి ముక్క ఆమెకు పెట్టాడు. కుంపటి మంట పైకి లేచింది. ఆమె నమలలేకపోయింది. ముక్క నోట్లో పెట్టుకుని అలాగే ఏడ్చింది. వాడు వెళ్ళిపోయిన రోజు దాచుకున్నదంతా ఆ రోజు ఏడ్చింది.

నాకు వెనక్కి వెళ్ళక తప్పదు. మా ఆయన అక్కడే ఉన్నాడు, నా తందూర్ అక్కడే ఉంది. ఖాళీ గుడ్డ చేత్తో నలుపుకుంటూ వంతెన మీద ఒక్కదాన్నే నడిచాను. పొద్దెక్కినా కోట వాకిట్లో పెద్ద నిప్పు నుంచి అంటించిన దివిటీ మండుతోంది. దాని కింద తుర్గున్, మెట్ల మీద ఎర్నజర్ బేగ్. నా పక్కన ఆమె లేకపోవడం చూసి తుర్గున్ మొహం పాలిపోయింది.

"చెయ్యి తీసుకున్నారా?" అన్నాడు.

నేను దివిటీ వైపు చూస్తూ, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండా చెప్పాను.

"తీసుకున్నారు."

మంట కదల్లేదు.